ఇన్‌చార్జి ఆటిజం

కాకినాడలో కుసుమకుమారి నడిపే వాట్సాప్ గ్రూపు పేరు "మిక్సీ వేసే ముందు చెప్పండి". పేరు చూసి వంటల గ్రూపనుకుని చేరినవాళ్లు కొందరున్నారు. పచ్చళ్ల గురించి ఒక్క ముక్కయినా దొరక్క, చెప్పకుండానే వెళ్లిపోయారు. నిజానికది ఆటిజం ఉన్న పెద్దవాళ్లూ, ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులూ ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోటు. చప్పుడంటే ప్రాణం మీదికొచ్చే మనిషి ఇంట్లో ఉన్నప్పుడు మిక్సీ మీట నొక్కే ముందు ఒక మాట చెప్పాలన్నది అక్కడ అందరూ ఒప్పుకున్న మొదటి ధర్మం.

కుసుమకుమారికి నలభై దాటాయి. పోర్టు దగ్గర ఓ షిప్పింగ్ ఏజెన్సీలో సరుకుల కాగితాలు సరిచూసే ఉద్యోగం. తనకు ఆటిజం ఉందన్న మాట డాక్టరు నోట చెప్పించుకోవడానికి ఆమె మూడు ఊళ్లు తిరిగింది. చివరికి ఆ మాట విన్నప్పుడు ఏడవలేదు. "ఇన్నాళ్లూ పొగరనుకున్నారండి" అని మాత్రం అంది. పెళ్లిళ్లలో ఎవరైనా "బాగున్నావా" అంటే, కాసేపు ఆలోచించి నిజంగా ఎలా ఉందో చెప్పడం ఆమె అలవాటు. అందువల్ల ఆమెను పెళ్లిళ్లకు పిలవడం తగ్గిపోయింది. అందువల్ల ఆమె బాగానే ఉంది.

గ్రూపులో మాత్రం ఆమె మాటకు విలువుండేది. "మా పాప గౌను వేయగానే పీకి పారేస్తోంది" అని తాయారు రాస్తే, "మెడ వెనక లేబుల్ కత్తిరించండి. మిగిలిన దారం కూడా లాగేయండి. అసలు గుచ్చేది అదే" అని కుసుమ రాసింది. "మావాడు మొండివాడు" అని ఒక తండ్రి వాపోతే, "మొండి కాదు. మీరు ఒక్క ఊపిరిలో నాలుగు పనులు చెబుతున్నారు" అంది. ఆ తండ్రి కొన్నాళ్లు అలిగాడు. తర్వాత, ఒక్కో పనీ విడిగా చెబితే వాడు చేస్తున్నాడని రాశాడు. అలక సంగతి ఎత్తలేదు.

ఇలా ఎవరి జోలికీ పోకుండా బతుకుతున్న గ్రూపు మీద ప్రభుత్వం దయ పడింది.

జిల్లాలో కొత్తగా సమ్మిళిత శాఖ అని ఒకటి వెలిసింది. ఎవరినీ ఎక్కడా విడిచిపెట్టకుండా అందరినీ అన్నిటిలో కలపడం దాని పని. దాని ఉప సంచాలకులు భోగలింగేశ్వరరావుగారు. అంతకుముందు ఆయన చెరువుల పూడికతీతలో ఉండేవారు. శిక్షణకని రాజధాని వెళ్లి, సమ్మిళితం అన్న మాటను పట్టుకుని తిరిగొచ్చారు. అప్పటినుంచి పప్పూ పులుసూ పెరుగూ ఒకేసారి కలుపుకుని తింటున్నారని ఆయన భార్య నలుగురి దగ్గరా చెప్పుకుని బాధపడేది.

ఆయన పిలుపు మీద కుసుమా, తోడుగా తాయారూ ఆఫీసుకు వెళ్లారు. తాయారు ఇంటి దగ్గర జాకెట్లు కుడుతుంది. తొమ్మిదేళ్ల కూతురు హంసిని మాటలు తక్కువ పిల్ల.

"మీ బృందంలో సభ్యులు ఎందరమ్మా?" అన్నారు భోగలింగేశ్వరరావుగారు.

"అరవై పైనే ఉంటామండి" అంది తాయారు.

"అందులో ఆటిజం గానీ, ఆటిజం గల సంతానం గానీ లేనివారు?"

"ఎవరూ లేరు" అంది కుసుమ.

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఒక్కరు కూడా లేరా?"

"వాళ్లకి అక్కడ పని లేదు."

"నేను అనుకున్నంతా అయింది. ఆటిజం లేకపోవడమనే ఏకైక కారణం చేత సాటి పౌరులను మీరు వెలివేస్తున్నారు. ఇది సమ్మిళిత స్ఫూర్తికి గొడ్డలిపెట్టు."

 "పురిటి వార్డులో మగాళ్లని చేర్చుకోరు కదండీ" అంది తాయారు.

"ఆ దస్త్రం కూడా పరిశీలనలో ఉంది" అన్నారాయన. తర్వాత గొంతు మెత్తబరచి, "భయపడకండి. మీ సమస్య మా సమస్యే" అన్నారు.

"అయితే ఆ ఫ్యాను ఆపించండి" అంది కుసుమ. "దాని కీచుకి మీ మాటలు సగం నాకు అందడం లేదు."

"ఫ్యాను అందరిదీనమ్మా. ఒకరి కోసం ఆపితే మిగిలినవారిని వెలివేసినట్టు కాదా?"

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. పరస్పర సహాయ బృందాలన్నిటిలో సగానికి తగ్గకుండా సదరు సమస్య లేని పౌరులు ఉండవలెను. లేనిచో బృందం రద్దగును. దాని వెంటే పత్రికల్లో ప్రకటన: "ఆటిజం లేని సభ్యులు కావలెను."

ఆటిజం ఉన్నవారు ఆ కోటాలో దొంగతనంగా చొరబడే ప్రమాదం ఉంది కాబట్టి, ఆటిజం లేమి ధ్రువపత్రం తప్పనిసరి చేశారు. దానికోసం శాఖ ఆవరణలో ఒక డాక్టరును కూర్చోబెట్టారు. ఆయన "ఎలా ఉన్నారు?" అని అడిగేవారు. ఆలోచించకుండా "బాగున్నానండి" అన్నవాళ్లకు ముద్ర గుద్ది ఇచ్చేవారు. కుసుమ మూడు ఊళ్లు తిరిగి తెచ్చుకున్న కాగితానికి ఎదురు కాగితం, ఊళ్లో జనానికి చెప్పులు విప్పకుండానే దొరికింది.

అలా గ్రూపులోకి కొత్త సభ్యులు దిగారు. వాళ్లలో ముందువరసలో ఉన్నవాడు దొరబాబు. టైల్స్ దుకాణం యజమాని, ఊళ్లో ఏ పందిరి వేసినా చందా ముందు రాసేవాడు. ఆయన మంచివాడే. ఎవరికి ఏ కష్టమొచ్చినా చేతులు జోడించిన బొమ్మ పంపేవాడు. సంఖ్యాబలం కొత్తవాళ్లదే కాబట్టి అధ్యక్షుడయ్యాడు. గ్రూపు పేరు "వెలుగుబాట సమ్మిళిత స్నేహ సమాఖ్య" అయింది. రోజూ తెల్లవారక ముందే గులాబీలూ, దీపాలూ, ఉదయించే సూర్యులూ వరుసగా దిగేవి. శుభోదయానికి బదులివ్వని పాత సభ్యులకు "సహకార లోపం" కింద తాఖీదులు వచ్చేవి. ఎవరైనా బాధ రాస్తే, సానుకూలత దెబ్బతినకుండా దానికి జతగా రెండు సంతోషాలు కూడా రాయాలని తీర్మానం చేశారు.

"మా పాప మూడు రోజులుగా పెరుగన్నం తప్ప ఏమీ ముట్టడం లేదు" అని తాయారు రాసింది. "ఇవాళ కరెంటు పోలేదు. కుట్టు మిషను సూది విరగలేదు."

ఆ రెండు సంతోషాలకూ బోలెడు చప్పట్లు వచ్చాయి. పెరుగన్నం గురించి కొత్తవాళ్లలో ఒకరే మాట్లాడారు. చలవ చేస్తుందన్నారు.

ఉగాది పొద్దున్న తాయారు ఒక్క వాక్యం రాసింది. వీధి మొగలో పందిరి వేశారు, మైకు మా కిటికీకే తిరిగి ఉంది, హంసిని మంచం కిందికి దూరి తల నేలకేసి కొట్టుకుంటోంది, ఎవరైనా ఏదైనా చెప్పండి.

ఆ వాక్యం మీద వేపపువ్వు పడింది. మామిడాకులు పడ్డాయి. పచ్చడి గిన్నెలు, కోకిలలు, షడ్రుచుల పద్యాలు పడ్డాయి. కుసుమ ఫోను మోత భరించలేక దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది. బాగా పొద్దెక్కాక తీసి, అలవాటు కొద్దీ ఒక్కొక్కటీ జరుపుకుంటూ చూస్తుంటే, అన్నిటికింద తాయారు కనబడింది.

ఆ పందిరి దొరబాబుదని ఊరందరికీ తెలుసు. "దొరబాబు గారూ, మైకు ఆపించండి. పిల్ల దెబ్బలు తగిలించుకుంటోంది" అని కుసుమ రాసింది.

"మీకు, మీ కుటుంబసభ్యులకు కూడా" అని జవాబొచ్చింది. పక్కనే చేతులు జోడించిన బొమ్మ.

కుసుమ చెవుల్లో దూది కుక్కుకుని ఆటో ఎక్కింది. గుంపులంటే ఆమెకు ఒళ్లు జలదరిస్తుంది. మైకంటే పళ్లు నూరుకుంటుంది. ఆ వీధి మలుపు తిరిగేసరికి శబ్దం దూదిని దాటుకుని పుర్రెలో కొట్టింది. కాళ్లు ఆగిపోయాయి. ఇక్కడిదాకా వచ్చి వెనక్కి పోతే ఎవరూ తప్పనరు, వచ్చినట్టు కూడా ఎవరికీ తెలియదు అనుకుంది. ఆ వెంటనే, ఇదే శబ్దం మంచం కింద ఎలా ఉంటుందోనని అనుకుంది. పందిట్లో సిద్ధాంతిగారు మేషరాశికి ఆదాయవ్యయాలు చెబుతున్నారు. ఆమె ఎవరి మొహమూ చూడకుండా కుర్చీల మధ్యనుంచి నడిచి, స్తంభం దగ్గరున్న ప్లగ్గు పీకేసింది.

ఊరు ఒక్కసారిగా చల్లబడింది. సిద్ధాంతిగారి పెదవులు ఇంకా కదులుతున్నాయి. మేషరాశివాళ్లకు ఆదాయం దాకా వినబడింది, వ్యయం వినబడలేదు. వాళ్లు సంతోషంగానే ఉన్నారు.

తాయారు ఇంటికి తాళం వేసి ఉంది. వెతగ్గా వెతగ్గా తల్లీకూతుళ్లు బజారులో ఒక ఏటీఎం గదిలో దొరికారు. అద్దం తలుపు, చల్లటి గాలి, చప్పుడు లేదు. హంసిని గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది, నుదుటి మీద బొప్పి. బయట జనం డబ్బుకోసం నిలబడి తలుపు కొడుతున్నారు.

"ఈ ఊళ్లో నా కూతురికి దొరికిన చోటు ఇదేనండి" అంది తాయారు. "ఇందులో కూడా కార్డుంటేనే ఉండనిస్తారంట."

కుసుమకు ఓదార్చడం రాదు. హంసినికి కాస్త దూరంగా తనూ నేల మీద కూర్చుంది. తలుపు కొట్టేవాళ్లకు అద్దంలోంచి "మిషను పాడైంది" అన్నట్టు చెయ్యి ఊపింది. అబద్ధమాడడం ఆమెకు అదే మొదటిసారి. అంత కష్టంగా ఏమీ లేదు.

మర్నాడే ఆమెను గ్రూపునుంచి తొలగించారు. నేరం, పండుగను వెలివేయడం. ఆమె వెనకే తాయారు వెళ్లిపోయింది. మిగిలిన పాతవాళ్లను శుభోదయాలకు బదులివ్వనందుకు ఒక్కొక్కరినే తీసేశారు. కొద్ది రోజులకు ఆ సమాఖ్యలో ఆటిజంతో సంబంధమున్న మనిషి ఒక్కరు కూడా లేరు. గొడవలు లేవు, బాధలు లేవు, సానుకూలత నూటికి నూరు పాళ్లు. జిల్లాలోకెల్లా ఉత్తమ ఆటిజం బృందంగా భోగలింగేశ్వరరావుగారు దాన్ని బహుమతికి సిఫారసు చేశారు.

కమిషనరుగారు స్వయంగా తనిఖీకి వస్తున్నారని తెలిసింది. అప్పుడు కాగితాలు తిరగేస్తే, ఆటిజం సభ్యుల స్థానాలన్నీ ఖాళీగా ఉన్నాయని బయటపడింది. ఖాళీలంటే సర్కారుకు కొత్తేమీ కాదు. ఆ సాయంత్రమే ఉత్తర్వు టైపయింది: "ఖాళీగానున్న ఆటిజం స్థానమునకు, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు, సీనియర్ అసిస్టెంట్ శ్రీ సూరిబాబు తన విధులకు అదనముగా ఇన్‌చార్జిగా వ్యవహరించవలెను."

సూరిబాబును ఎంచుకోవడానికి ఒకటే కారణం. ఆయన కాదనడు. ఆఫీసులో ఎవరితోనూ కలిసి టీకి వెళ్లడు, పదవీ విరమణ సన్మానాలప్పుడు పాత కాగితాల గదిలో పని కల్పించుకుంటాడు. చిత్రమైన మనిషని పేరు. నలభై అయిదేళ్ల మనిషిని పట్టుకుని ఇన్‌చార్జి ఆటిజం అంటే, "ఆయ్, అలాగేనండి" అన్నాడు.

ఆయనకు తర్ఫీదు ఇవ్వమని కుసుమకు కబురొచ్చింది. ఆమె పోనన్నది. కానీ తనిఖీ కోసం ఆఫీసులో ఒక ప్రశాంత గది కట్టారనీ, గోడలకు మందపాటి బట్ట వేశారనీ తాయారు ఎవరి ద్వారానో వింది.

"వెళ్లండి కుసుమ గారూ. ఆ గది హంసినికి వాడుకోనిస్తారేమో అడుగుదాం" అంది.

అందుకని వెళ్లింది. గది సంగతి తనిఖీ అయ్యాక చూద్దామన్నారు. సూరిబాబు ప్రశాంత గదిలో, తలుపుకు వీపు పెట్టకుండా ఓ మూల కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కుసుమ కోపంగానే మొదలుపెట్టింది. చప్పుళ్ల గురించి చెప్పింది. వెలుతురు గురించి, ముందు చెప్పకుండా మారిపోయే పనుల గురించి చెప్పింది. ఆయన తల వంచుకుని విన్నాడు.

"ఒకటి అడగొచ్చాండి" అన్నాడు చివర. "ఎవరితోనైనా మాట్లాడాలంటే మాటలన్నీ ముందే మనసులో అప్పజెప్పుకోవడం… అది కూడా దీన్లో భాగమేనాండి?"

"కొందరికి. ఏం?"

"అదేం లేదండి. అందరూ అలాగే చేస్తారనుకున్నాను."

కుసుమ ఆ మాట పెద్దగా పట్టించుకోలేదు. ఆటిజం అనగానే "మాలో కూడా కాస్త ఉందండి" అనేవాళ్లను ఆమె చాలామందిని చూసింది. వాళ్లందరికీ కాస్తే ఉంటుంది. అదీ వాళ్లకు వీలున్నప్పుడే ఉంటుంది.

కమిషనరుగారు బ్యాండుమేళంతో వచ్చారు. సమ్మిళిత గీతం పాడారు. దొరబాబు శాలువా కప్పాడు. అందరూ కలిసి ప్రశాంత గదికి నడిచారు, బ్యాండు కూడా వెంటే వచ్చింది. తలుపు తీయగానే లోపలికి డప్పులు మోగాయి. సూరిబాబు రెండు చేతులతో చెవులు మూసుకుని, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, ముందుకూ వెనక్కూ ఊగడం మొదలుపెట్టాడు.

"అద్భుతం" అన్నారు కమిషనరుగారు. "ఎంత సహజంగా ఉందండీ."

"మా సిబ్బంది అంకితభావం అటువంటిది సార్" అన్నారు భోగలింగేశ్వరరావుగారు.

అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లకు సూరిబాబు ఇంకా ముడుచుకుపోయాడు. తర్ఫీదు ఇచ్చినావిడని రమ్మంటే వచ్చి వెనక నిలబడ్డ కుసుమకు ఆ ఊపు తెలుసు. అది ఎవరూ ఎవరికీ నేర్పేది కాదు. ఆమె జనాన్ని తోసుకుని వెళ్లి తలుపు వేసేసింది. తలుపు బయట కమిషనరుగారి మొహం మీద పడిందని తర్వాత చెప్పారు. బహుమతి మాత్రం ఆగలేదు.

ఆ తర్వాత సూరిబాబు బతుకు మారిపోయింది. ఇన్‌చార్జికి ఫ్యాను చప్పుడు కూడదని నిబంధనల్లో ఉంది. ఆయన్ను ఉన్నట్టుండి ఎవరూ కేకేయకూడదు. ఏ పనైనా ముందు రోజే రాసి ఇవ్వాలి. సన్మానాలకు రమ్మనకూడదు. పాతికేళ్ల సర్వీసులో మొదటిసారి ఆయన తలనొప్పి లేకుండా ఇంటికి వెళ్లాడు. ఏళ్ల తరబడి పెండింగులో ఉన్న ఫైళ్లన్నీ తేలిపోయాయి.

ఇది ఆఫీసులో మిగిలినవాళ్ల కంట పడింది. తమకూ ఆ చార్జీ ఇవ్వాలని యూనియన్ కోరింది. సీనియారిటీ ప్రకారం ఇవ్వాలని ఒక వర్గం, రోస్టరు ప్రకారం ఇవ్వాలని ఇంకో వర్గం. తగవు తీర్చడానికి భోగలింగేశ్వరరావుగారు లోతుగా ఆలోచించారు. ఇంత కీలకమైన స్థానం సీనియర్ అసిస్టెంటు స్థాయి వ్యక్తి చేతిలో ఉండడం శాఖకు గౌరవం కాదని తేల్చి, ఆ చార్జీ తామే తీసుకున్నారు. ఆటిజం తాలూకు పూర్తి బాధ్యతలను అప్పగించినట్టు సూరిబాబు చేత సంతకం పెట్టించుకున్నారు.

తాయారు హంసినిని వెంటబెట్టుకుని ప్రశాంత గది అడగడానికి వెళ్లింది ఆ రోజుల్లోనే. బయట కూర్చున్న ప్యూను వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

"లోపల ఇన్‌చార్జిగారున్నారమ్మా. భోంచేసి వచ్చేరు. చప్పుడు చెయ్యకూడదు."

మందపాటి బట్ట వేసిన గోడల్లోంచి కూడా గురక సన్నగా వినబడుతోంది. హంసిని చెవులు మూసుకుంది.

ఇంటికొస్తూ తాయారు కుసుమకు ఫోను చేసి ఏడ్చింది. ఆ రోజే ఇద్దరూ కలిసి ఇంకో గ్రూపు పెట్టారు. పేరు "ఇడ్లీ పిండి ఆర్డర్లు". వ్యాపారం చేసేవాళ్లు ఎవరిని కలుపుకున్నారో, ఎవరిని వెలివేశారో సమ్మిళిత శాఖకు అక్కర్లేదు. పాతవాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి చేరారు. శాఖవాళ్లు పసిగట్టకుండా పిండి భాషలో రాసుకుందామని ఒకరు సలహా ఇచ్చారు, పిల్లవాడు గొడవ చేస్తే పిండి పొంగిందనాలని.

"నాకు సంకేతాలు అర్థం కావు. నేరుగా రాయండి" అంది కుసుమ. నేరుగానే రాసుకున్నారు. మధ్యలో ఒకావిడ నిజంగానే కిలో పిండి అడిగింది. తాయారు రుబ్బి పంపింది. హంసిని పెరడు దాటి అవతలి వీధికి వెళ్లాకే గ్రైండరు వేసింది.

ఓ మధ్యాహ్నం సూరిబాబు షిప్పింగ్ ఏజెన్సీకి వచ్చాడు. కుసుమ బల్ల ముందు నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చున్నాడు. చెప్పాల్సిన మాటలు దారిలో అప్పజెప్పుకుంటూ వచ్చినట్టున్నాడు, కూర్చోగానే అన్నీ పోయాయి. కుసుమ తొందరపెట్టలేదు. చేతిలో కాగితాలు చూసుకుంటూ కూర్చుంది.

"మళ్లీ ఫ్యాను కింద వేసేరండి" అన్నాడు కొంతసేపటికి.

"తెలుసు. మీ సారు గురక మా తాయారు విందట."

"మా చిన్నాన్న పెళ్లిలో సన్నాయి మోగుతుంటే చెవులు మూసుకున్నానని మా నాన్న అందరి ముందూ కొట్టేరండి. అప్పట్నించి చేతులు జేబుల్లో పెట్టుకోవడం నేర్చుకున్నాను. ఆ రోజు బ్యాండుకి మాత్రం ఆగలేకపోయానండి. అందరూ బాగా చేశానన్నారు."

కుసుమ కాగితాలు పక్కన పెట్టింది.

"చార్జీ అప్పగించమన్నారు. అప్పగించేశానండి. సంతకం కూడా పెట్టాను" అన్నాడు సూరిబాబు. బల్ల అంచును బొటనవేలితో రుద్దుతున్నాడు. "కానీ అది వెళ్లలేదండి."

 ఇలాంటప్పుడు భుజం తట్టాలని ఆమెకు తెలుసు, కానీ తనకైతే భుజం తట్టడం నచ్చదు. ఆయనకూ నచ్చకపోవచ్చు. ఫోను తీసి ఆయన నంబరు అడిగింది.

"గ్రూపులో చేరాక ఏం రాయాలండి?" అన్నాడాయన.

"ఏమీ రాయక్కర్లేదు."

"పొద్దున్నే శుభోదయం…"

"అస్సలు రాయకూడదు."

సూరిబాబు తల ఎత్తాడు. ఆమె కళ్లలోకి చూడలేదు, ఆమె కూడా ఆయన కళ్లలోకి చూడలేదు. ఇద్దరూ కిటికీలోంచి కనబడే ఓడను చూశారు. చాలాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఇద్దరికీ బాగుంది.